పాంబన్ నుంచి ధనుష్కోడి దాకా: బోట్ మెయిల్ నడిచిన దారిని వెతికి చూడడం ఎలా

రామేశ్వరం వెళ్లే మనవాళ్లలో చాలామంది ఆ రైలుమార్గాన్ని స్వామి దర్శనానికి వచ్చే యాత్రికుల కోసమే వేశారనుకుంటారు. నిజానికి సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ సముద్రం మీద అంత పెద్ద పాంబన్ వంతెన కట్టింది సిలోన్ (నేటి శ్రీలంక) వెళ్లే ఓడను అందుకోవడానికే. ప్రధాన మార్గం ధనుష్కోడి రేవుకు పోయేది. రామేశ్వరానిది పాంబన్ దగ్గర విడిపోయిన చిన్న శాఖ మాత్రమే. ఈ సంగతి గుర్తుంచుకుని చూస్తే అక్కడి శిథిలాలకు ఒకదానితో ఒకటి పొంతన కుదురుతుంది. దర్శనం అయిన మర్నాడు ఒక పూట కేటాయిస్తే చాలు.

బయలుదేరే ముందు పటం చూడండి. పాంబన్ స్టేషన్ దగ్గర నుంచి ఆగ్నేయంగా తోకలా సాగిన ఇసుక నేల కొస దాకా ఒక గీత గీస్తే, పాత మార్గం ఎటు పోయేదో స్థూలంగా తెలుస్తుంది. ఆ కొస నుంచి సిలోన్‌లోని తలైమన్నార్‌కు దూరం సుమారు 35 కిలోమీటర్లే. అంతకుముందు మద్రాసు ప్రయాణికులు తూత్తుకుడి దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి కొలంబోకు ఓడలో చాలాసేపు ప్రయాణించవలసి వచ్చేది. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన ప్రారంభమయ్యాక, మద్రాసు ఎగ్మూరులో రైలెక్కి, ధనుష్కోడిలో స్టీమరు పట్టుకుని, తలైమన్నార్‌లో మళ్లీ రైలెక్కి కొలంబో చేరే వీలు కలిగింది. ఓడను అందుకునే ఆ రైలుకు వచ్చిన బోట్ మెయిల్ అన్న పేరు నేటికీ చెన్నై–రామేశ్వరం ఎక్స్‌ప్రెస్‌కు నిలిచి ఉంది.

వంతెనను రెండుసార్లు చూడడం మంచిది: ఒకసారి పగటిపూట రైల్లో దాటుతూ, మరోసారి 1988లో ప్రారంభమైన రోడ్డు వంతెన మీద నిలబడి. మీరు రైల్లో దాటేది 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెన. ఓడ వచ్చినప్పుడు దాని 72.5 మీటర్ల భాగం నిటారుగా పైకి లేస్తుంది. పాత వంతెనలో మధ్యభాగం రెండు రెక్కలుగా విడిపోయి లేచేది, వాటిని లేపడానికి మనుషులే యంత్రాన్ని చేతులతో తిప్పేవారు. దాని మీద రైళ్లు 2022 డిసెంబరులో ఆగిపోయాయి. దాన్ని విప్పేయాలని రైల్వే నిర్ణయించింది కాబట్టి, మీరు వెళ్లేసరికి మిగిలి ఉన్నంత మేరకు తీరిగ్గా చూడండి.

రామేశ్వరం నుంచి ధనుష్కోడికి ప్రభుత్వ బస్సులో గానీ ఆటోలో గానీ ఉదయాన్నే వెళ్లండి. సాయంత్రమైతే అక్కడ ఉండనివ్వరు. ఇసుక నేల కొసన ఉన్న అరిచల్‌మునై దాకా తారు రోడ్డు 2017లో వచ్చింది గనుక చాలా వాహనాలు నేరుగా కొసకు పోయి, ఫొటోలు కాగానే తిరిగొస్తాయి. మీరు మాత్రం దారిలో పాత ఊరి దగ్గర దిగండి. చర్చి గోడలో ఒక రాయిని దగ్గరగా చూస్తే, తేనెపట్టులాంటి సన్నని గుంతలు కనిపిస్తాయి. అది పగడపు రాయి. స్టేషన్ శిథిలం, నీళ్ల ట్యాంకు కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఇంతటి ఇసుక నేలలో నీళ్ల ట్యాంకు ఎందుకని అడిగే పిల్లలుంటే, ఆవిరి ఇంజన్ల కాలంలో నీళ్లు లేనిదే రైలు తిరిగి వెళ్లేది కాదని చెప్పండి.

ఈ ఊరిని శిథిలం చేసింది 1964 నాటి తుపాను. ఆ డిసెంబరు 22 రాత్రి పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలును ధనుష్కోడి చేరబోతుండగా ఉప్పెన ముంచేసింది. రైల్లో చనిపోయినవారికి అప్పట్లో చెప్పిన లెక్క 115 మంది. టిక్కెట్టు లేనివారిని ఎవరూ లెక్కించలేదు కాబట్టి, గైడ్లు ఏ సంఖ్య చెప్పినా దాన్ని కచ్చితమైనదిగా తీసుకోకండి. మన సావిత్రి, జెమినీ గణేశన్ ఆ తుపానులో రామేశ్వరంలో చిక్కుకుని బయటపడ్డారు. పాంబన్ వంతెన గర్డర్లలో (ఇనుప దూలాల్లో) అత్యధికం కొట్టుకుపోయినా, ఎత్తే భాగం మాత్రం నిలిచింది. రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో సముద్రంలోంచి గర్డర్లను వెలికితీసి 46 రోజుల్లో వంతెనను తిరిగి నిలబెట్టారు. ధనుష్కోడి మార్గాన్ని మాత్రం మళ్లీ వేయలేదు. అలా శాఖగా ఉన్న రామేశ్వరమే చివరి స్టేషన్ అయింది. ఓడ కూడా రామేశ్వరానికి మారి, 1980లలో శ్రీలంక అంతర్యుద్ధంతో ఆగిపోయింది. ధనుష్కోడికి కొత్త లైను కోసం 2019 మార్చిలో శంకుస్థాపన జరిగింది గానీ, రేవు లేని చోటికి రైలు దేనికన్న ప్రశ్న నాకైతే తీరలేదు.

దారి రెండో సగం కూడా చూడాలనుకుంటే ఇక్కడి నుంచి ఓడ లేదు. కొలంబోకు విమానంలో వెళ్లవచ్చు. యుద్ధకాలంలో మూతపడిన తలైమన్నార్ లైనును భారత ప్రభుత్వ సంస్థ ఇర్కాన్ పునర్నిర్మించగా, 2015లో రైళ్లు మళ్లీ మొదలయ్యాయి. కొలంబో ఫోర్ట్‌లో ఎక్కి, తలైమన్నార్ స్టేషన్‌లో దిగిపోకుండా, దాని తర్వాత వచ్చే పియర్ (ఓడలు ఆగే గట్టు) స్టేషన్ దాకా టిక్కెట్టు తీసుకోండి.