బార్బెక్యూ కోసం ఇంటిల్లిపాదీ టెక్సాస్ రోడ్డెక్కే ముందు: కొన్ని జాగ్రత్తలు

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్ల కిందట జులైలో, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యను, మామయ్యను, పిల్లలిద్దరినీ కారెక్కించుకుని ఆస్టిన్ వైపు బయల్దేరాం. "టెక్సాస్ దాకా వచ్చి బార్బెక్యూ తినకపోతే ఎలా" అన్నది నేనే. నాలుగు జాబితాలు చదివి, నాలుగింటిలోనూ పేరున్న దుకాణాన్ని ఎంచుకున్నదీ నేనే. ఎండలో రెండు గంటల పైచిలుకు నిలబడి కౌంటర్ దగ్గరికి చేరేసరికి టర్కీ కోడి అయిపోయింది. చికెన్ వాళ్లు అసలు చెయ్యరు. మిగిలింది బ్రిస్కెట్ (ఆవు రొమ్ముభాగం), బీఫ్ సాసేజ్. అత్తయ్య గొడ్డుమాంసం ముట్టదు. బ్రెడ్డు, ఉల్లిపాయ, ఒక గిన్నెడు బీన్స్ తిని "బాగానే ఉంది లేమ్మా" అంది. ఆ బీన్స్‌లో కనబడుతున్న పీచులు బ్రిస్కెట్ తునకలేనని మా పెద్దాడు మెనూ బోర్డు చదివి చెప్పాడు. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. హోటల్‌కి వెళ్లగానే తలస్నానం చేసి, రాత్రికి ఏమీ వద్దని పడుకుంది.

బోర్డు మీద రాసే ఉంది కాబట్టి దుకాణాన్ని అనడానికి లేదు. తప్పు నా ప్లానుది. ఆ తర్వాత ఇంకో మూడు నాలుగు ట్రిప్పులు వేశాం. ఇప్పుడు "ఏది బెస్ట్" అని వెతకడం మానేశాను. కారెక్కేవాళ్లలో ఎవరు ఏం తినరో ముందు కాగితం మీద రాసుకుంటాను. దుకాణం సంగతి ఆ తర్వాతే.

ఊరు మారితే మాంసం మారుతుంది

మనవైపు బార్బెక్యూ అంటే బల్ల మధ్యలో చిన్న పొయ్యి, ఊచలకు గుచ్చిన పనీర్, చికెన్. ఇక్కడ పద్ధతి వేరు. పెద్ద మాంసం ముక్కను మంటకు దూరంగా పెట్టి, కట్టెల పొగలో 10, 12 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు మగ్గనిస్తారు. ఏ మాంసం, ఏ కట్టె, ఏ సాస్ అన్నది ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. మధ్య టెక్సాస్‌లో రాజ్యం బ్రిస్కెట్‌ది. పోస్ట్ ఓక్ కట్టెలు, ఉప్పు, మిరియాలు, అంతే. నార్త్ కరోలైనాలో బార్బెక్యూ అన్న మాటకే పంది అని అర్థం. తూర్పు జిల్లాల్లో పందిని నిలువునా కాల్చి, తరిగి, వెనిగర్, మిరప కలిపిన పలచటి పులుసు పోస్తారు. మెంఫిస్‌లో పంది పక్కటెముకలు. కాన్సస్ సిటీలో అన్నీ దొరుకుతాయి, పైన తియ్యటి చిక్కటి టమాటా సాస్. కానీ అక్కడ అందరూ ఎగబడే "బర్న్ట్ ఎండ్స్" కూడా బ్రిస్కెట్ ముక్కలే. పేరులో బీఫ్ లేదని మోసపోవద్దు.

బీఫూ పందీ రెండూ తినని ఇంటికి పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ఉత్తర అలబామాలో, ముఖ్యంగా డెకాటర్ ఊళ్లో, పొగలో ఉడికిన కోడిని మయొనైజ్, వెనిగర్ కలిపిన తెల్ల సాస్‌లో ముంచి ఇస్తారు. మెంఫిస్‌లో కోజీ కార్నర్ అనే చిన్న దుకాణం కార్నిష్ హెన్‌కి ప్రసిద్ధి: ఒక్కో మనిషికి ఒక్కో బుల్లి కోడి. కెంటకీలో ఒవెన్స్‌బరో అనే ఊరైతే మనవాళ్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. అక్కడి బార్బెక్యూ మటన్! ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఉన్ని కోసం గొర్రెలు బాగా పెంచేవారు. ముదిరిన గొర్రె మాంసం మెత్తబడాలంటే గంటల తరబడి పొగ తగలాల్సిందే. మూన్‌లైట్, ఓల్డ్ హికరీ అక్కడ పేరున్న పాత దుకాణాలు. ఒక్క జాగ్రత్త: లేత మేకమాంసం అనుకుని వెళ్లకండి, ముదురు గొర్రె వాసన ఉంటుంది. అక్కడి బర్గూ అనే చిక్కటి పులుసులోనూ మటన్ ఉంటుంది, ఇతర మాంసాలూ కలుస్తాయి. అడిగి తీసుకోండి.

టెక్సాస్‌లో మేక దొరకదా అంటే దొరుకుతుంది. ఆస్టిన్‌కి వాయవ్యంగా 75 మైళ్ల దూరంలో ల్యానో ఊళ్లో కూపర్స్ అనే దుకాణం ఉంది. బయట పొయ్యి మూత తెరిచి చూపిస్తే మనమే ముక్క ఎంచుకోవాలి. అక్కడ కాబ్రిటో, అంటే మేకపిల్ల మాంసం కూడా వండుతారు. అన్ని రోజులూ ఉంటుందని నమ్మకం పెట్టుకోకుండా ముందు ఫోన్ చెయ్యండి. ఇంకా పశ్చిమంగా బ్రేడీ అనే ఊళ్లో 1974 నుంచి ఏటా సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవు వారాంతంలో మేకమాంసం వంటల పోటీ జరుగుతోంది. మామయ్యకి ఆ సంగతి చెప్పాక ఇంక బ్రిస్కెట్ ఊసే ఎత్తలేదు.

జాబితాలను నమ్మండి, కానీ తేదీ చూసి

టెక్సాస్ మంత్లీ పత్రిక నాలుగేళ్లకోసారి రాష్ట్రంలో 50 ఉత్తమ బార్బెక్యూ దుకాణాల జాబితా వేస్తుంది. 2021లో వచ్చింది, 2025లో మళ్లీ వచ్చింది. బార్బెక్యూ కోసమే ప్రత్యేకంగా ఒక ఎడిటర్ ఉన్న పత్రిక అది, కాబట్టి మాట మీద బరువుంటుంది. 2024లో మంచి హోటళ్లకు స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ మొదటిసారి టెక్సాస్‌కి వచ్చి నాలుగు బార్బెక్యూ దుకాణాలకు స్టార్ ఇచ్చింది: ఆస్టిన్‌లో లా బార్బెక్యూ, ఇంటర్‌స్టెల్లార్, లెరాయ్ అండ్ లూయిస్, హ్యూస్టన్ దగ్గర స్ప్రింగ్ ఊళ్లో కార్క్‌స్క్రూ. జాబితాలో పేరు పడిన మర్నాటి నుంచే లైను పెరుగుతుంది. టెక్సాస్ జాబితాల్లో మార్కులు ముందు బ్రిస్కెట్‌కే పడతాయి కాబట్టి, మీ ఇంట్లో అది తినేవాళ్లు లేకపోతే మొదటి స్థానమైనా ఇరవయ్యో స్థానమైనా మీకు తేడా తెలీదు.

నేను ఫొటోలు చూస్తాను. రివ్యూల్లో ఈ నెల తీసిన మెనూ బోర్డు ఫొటో ఉందా, దాంట్లో టర్కీ, చికెన్ ఉన్నాయా అని. దుకాణం వెనక పేర్చిన కట్టెల గుట్ట కనబడితే సంతోషం.

పనిదినాలు తప్పకుండా చూసుకోవాలి. టెక్సాస్‌లోనే లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లో స్నోస్ అనే దుకాణం ఉంది. 2008లోనూ 2017లోనూ టెక్సాస్ మంత్లీ దాన్నే మొదటి స్థానంలో పెట్టింది. అది శనివారం ఒక్కరోజే, పొద్దున్న 8కి తెరుస్తారు. ఆదివారం వెళ్తే తాళం కనబడుతుంది. ఆస్టిన్‌లో ఫ్రాంక్లిన్ అనే పేరున్న దుకాణానికి సోమవారం సెలవు. జులై 4 లాంటి పండగ రోజుల్లో చాలామంది మూసేస్తారు. కరోలైనాల్లో ఆదివారం మూసే దుకాణాలు కొల్లలు.

లైను, ఎండ

మధ్యాహ్నానికి "సోల్డ్ ఔట్" బోర్డు పెట్టడం ఇక్కడ మామూలే. రాత్రంతా పొగలో పెట్టిన మాంసం అయిపోతే, ఇంకో అరగంటలో వండి పెట్టేది కాదు కదా. ముందు అయిపోయేవి సాధారణంగా తక్కువ మోతాదులో చేసేవి, అంటే సరిగ్గా మనకు కావాల్సిన టర్కీ, చికెన్. చాలా దుకాణాలు కొన్ని రోజుల ముందే ఆర్డర్ తీసుకుంటాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ దారే మంచిది, లైను గొడవే ఉండదు.

లైను తప్పదంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా టెక్సాస్ ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. విజయవాడ ఎండ చూసినవాళ్లం, ఇదెంత అనుకుంటాం. విజయవాడలో మధ్యాహ్నం పన్నెండింటికి తారు రోడ్డు మీద రెండు గంటలు నిలబడతామా? మడత కుర్చీలు, గొడుగు, నీళ్లు, మజ్జిగ సీసా. ఒక్కరు లైనులో ఉండి, మిగతావాళ్లు దగ్గర్లో ఏసీ ఉన్న చోట కూర్చోవచ్చు. కానీ వెనకవాళ్లకి "మేం ఆరుగురం" అని ముందే చెప్పండి. చివర్లో ఐదుగురు ఒక్కసారి వచ్చి కలిస్తే మొహాలు మారతాయి, న్యాయమే.

పిల్లల్ని గానీ, నిద్రపోతున్న తాతగారిని గానీ ఆపేసిన కారులో వదలకండి, ఒక్క నిమిషం కూడా. మూసిన కారులో 10 నిమిషాల్లోనే వేడి దాదాపు 11 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లను లైను పేరుతో ఆకలి మీద ఉంచొద్దు. మేం ఇప్పుడు పులిహోర కట్టుకునే బయల్దేరతాం. దుకాణం లోపల విప్పం, లైనులోనో కారులోనో తింటాం. బాత్‌రూమ్‌కి దారిలో బక్కీస్ పెట్రోల్ బంకు ఉండనే ఉంది.

కౌంటర్ దగ్గర

మధ్య టెక్సాస్ దుకాణాలు చాలావరకు జర్మన్, చెక్ వలసదారుల మాంసం కొట్ల నుంచి పుట్టాయి. అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టి, కాగితంలో చుట్టి అమ్మేవారు. ఆ అలవాటే మిగిలింది: ప్లేటు ఉండదు, కాగితం మీద తూకం వేసి ఇస్తారు. లాక్‌హార్ట్‌లో 1900లో మొదలైన క్రూట్స్ మార్కెట్‌లో ఎన్నో ఏళ్లు సాస్ ఇవ్వలేదు, ఫోర్కూ ఇవ్వలేదు. చేత్తో తినే మనకు అదేం ఇబ్బంది కాదు గానీ తూకమే కొంప ముంచుతుంది. పౌండు అంటే 453 గ్రాములు. పేరున్నచోట బ్రిస్కెట్ పౌండు 30 డాలర్లు దాటి ఉంటుంది. మనిషికి మూడో వంతు పౌండు చాలు, అర పౌండు ఎక్కువ. పిల్లలు గద లాంటి బీఫ్ రిబ్ చూపించి అది కావాలంటారు. ఒక్క ఎముకే పౌండుకు పైగా తూగుతుంది, బిల్లు చూసేదాకా మనకు తెలీదు.

బీఫ్ తినని మనిషి కోసం టర్కీ తీసుకుంటే, అదే బోర్డు మీద, అదే కత్తితో కోస్తారు. "మా ఇంట్లో బీఫ్ తినరు, గ్లవ్స్, కత్తి మార్చి ముందుగా టర్కీ కోసి విడిగా చుట్టిస్తారా" అని ఆర్డర్ మొదట్లోనే అడగండి. మర్యాదగా అడిగితే నాకు ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. రష్ తక్కువ ఉన్న వేళైతే ఇంకా నయం. పొయ్యి మాత్రం ఒకటే, ఆ పొగ, ఆ కొవ్వు కలుస్తాయి. అంత పట్టింపు ఉన్నవాళ్లకు అది ముందే చెప్పి, వాళ్ల నిర్ణయం వాళ్లకి వదిలెయ్యడం మంచిది. హలాల్ కావాలనుకునేవాళ్లకు డాలస్, హ్యూస్టన్‌లలో హలాల్ బార్బెక్యూ దుకాణాలు వేరే ఉన్నాయి.

సాసేజ్ విషయంలో రెండు ప్రశ్నలు అడగాలి: లోపల ఏముంది, పైతొడుగు దేనిది? చికెన్ సాసేజ్, టర్కీ సాసేజ్ అని రాసి ఉన్నా పైన పంది పేగు ఉండొచ్చు.

టర్కీ గానీ కోడి గానీ అంచున గులాబీ రంగులో కనబడితే అత్తయ్యలు "పచ్చిగా ఉందమ్మా" అని పక్కన పెట్టేస్తారు. పొగలోని వాయువులు మాంసంతో కలిసి తెచ్చిన రంగది. కోడి లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరితే ఉడికినట్టే. ఎముక దగ్గర జిగటగా, సాగుతూ ఉంటే మాత్రం వెనక్కివ్వండి.

అసలు ప్రమాదం పక్క వంటల్లో

మాంసం ఏదో అందరికీ తెలుసు. పక్కన పెట్టే గిన్నెల్లో ఏముందో ఎవరూ అడగరు. మేం దెబ్బతిన్నది అక్కడే. బీన్స్ అంటే మనకి రాజ్మా కూర గుర్తొస్తుంది. ఇక్కడ పింటో బీన్స్‌లో బేకన్, అంటే ఉప్పేసి పొగబెట్టిన పంది మాంసం వేస్తారు, లేదా కోయగా మిగిలిన బ్రిస్కెట్ ముక్కలు వేస్తారు. అవి లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు, అడిగితే గానీ తెలీదు. కరోలైనాల వైపు కాలర్డ్ గ్రీన్స్ అంటే చూడ్డానికి మన ఆకుకూర వేపుడులా నోరూరిస్తుంది, అందులో పంది కాలి ముక్క వేసి ఉడికించడం ఆనవాయితీ. కార్న్‌బ్రెడ్‌లో పంది కొవ్వు, ఫ్రెంచ్ ఫ్రైస్ వేయించడానికి బీఫ్ కొవ్వు వాడేవాళ్లున్నారు. పొటాటో సలాడ్‌లో గుడ్డు ఉంటుంది, ఒక్కోచోట బేకన్ కూడా. కోల్‌స్లా, ఊరగాయ దోసకాయ, ఉల్లిపాయ, మొక్కజొన్న పొత్తు, మాకరోనీ చీజ్ చాలావరకు ఫర్వాలేదు, అయినా అడగండి. శాకాహారం మాత్రమే తినేవాళ్లుంటే మొహమాటం లేకుండా చెప్తున్నా: వాళ్లని ఈ లైనులో నిలబెట్టకండి. దగ్గర్లో ఇంకో హోటల్ చూసి ముందు వాళ్లకి పెట్టించండి.

మిగిలిన పొట్లం

తప్పకుండా మిగులుతుంది. కారు డిక్కీలో పడేసి, ఊరంతా తిరిగి రాత్రికి తింటే మర్నాడు ట్రిప్పు హాస్పిటల్‌కే. వండిన మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే. అంటే టెక్సాస్ వేసవిలో ఎప్పుడైనా గంటే. ఐస్ పెట్టె వెంట ఉంచుకోండి, హోటల్ గదిలో ఫ్రిజ్ ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. టర్కీ పొట్లాన్ని విడి సంచిలో పెట్టి పేరు రాయండి. అర్ధరాత్రి ఆకలేసిన మామయ్యలు అన్నీ విప్పి కలిపేస్తారు.

గుడీ బార్బెక్యూ ఒకేరోజు ఉంటే వరస ముఖ్యం. ఆస్టిన్ నైరుతిలో రాధా మాధవ్ ధామ్ అనే గుడి ఎఫ్‌ఎం 1826 రోడ్డు దగ్గరే ఉంది. అదే రోడ్డు మీద ఇంకొంత దూరం పోతే డ్రిఫ్ట్‌వుడ్ ఊళ్లో సాల్ట్ లిక్ అనే బార్బెక్యూ దుకాణం వస్తుంది. అక్కడ చికెన్, టర్కీ రెండూ ఉంటాయి, కుర్చీలో కూర్చోబెట్టి వడ్డిస్తారు, పెద్దవాళ్లకి వీలు. గుడికి పొద్దున్నే వెళ్లిరండి. పొగ వాసన బట్టలకి, జుట్టుకి రాత్రిదాకా అంటుకునే ఉంటుంది. అత్తయ్య ఇప్పుడు కారులో ఒక చీర అదనంగా పెట్టుకుంటోంది.