గడువు కంటే ముందే సుంకం తగ్గితే ఎవరికెంత? పామాయిల్‌తో లెక్క నేర్చుకుందాం

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరినంత మాత్రాన సుంకాలు మర్నాడే మాయమైపోవు. ఏ సరుకు మీద ఏ సంవత్సరం ఎంతకు తగ్గాలో ఒక షెడ్యూల్ రాసుకుంటారు, ఏటా కొంత చొప్పున దిగుతాయి. ఈ లోపు ఒక దేశానికి ఆ షెడ్యూల్‌ని ముందుకు జరిపితే, లేదా దానితో విడిగా చేసుకున్న ఒప్పందం వల్ల అది మిగతావాళ్ల కంటే ముందే కింది రేటుకు చేరితే, దాని ప్రభావం ఎంత అన్న ప్రశ్న వస్తుంది. ఈ లెక్క ఎక్కువమంది ఎలా వేస్తారంటే, పాత సుంకం ఇంత, కొత్త సుంకం ఇంత, తేడా మొత్తం ప్రభావమే అని రాసేస్తారు. ఇది తప్పు. ఆ సుంకం ఎలాగూ తగ్గాల్సిందే కదా! మనం కొలవాల్సింది తగ్గడాన్ని కాదు, ముందుగా తగ్గడాన్ని. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

2019లో పామాయిల్ విషయంలో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. మన గోదావరి జిల్లాల, ఖమ్మం వైపు రైతులకూ, కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీలకూ నేరుగా తగిలిన సంగతి కాబట్టి దాన్నే పట్టుకుని వెళ్దాం.

మొదట కస్టమ్స్‌వాళ్లు ఒక్కో సరుకుకి ఇచ్చే కోడ్లు, వాటి రేట్లు రాసుకోండి. ముడి పామాయిల్ 1511 10 00, శుద్ధి చేసిన పామోలిన్ 1511 90 20. "వంటనూనెలు" అని గుంపుగా లెక్క వేయకండి, ఏమీ కనపడదు. ఒక్కో కోడ్‌కి మూడు రేట్లు కావాలి: అన్ని దేశాలకూ వర్తించే మామూలు సుంకం, ఒప్పందం ప్రకారం ఆ ఏడు ఉండాల్సిన సుంకం, ముందుకు జరిపిన సుంకం. ఆసియాన్ (మలేసియా, ఇండోనేసియా ఉన్న ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం రేట్లు కస్టమ్స్ నోటిఫికేషన్ 46/2011లో, మలేసియాతో విడిగా ఉన్న ఒప్పందం రేట్లు 53/2011లో, వాటి సవరణల్లో దొరుకుతాయి.

2018 మార్చిలో మన ప్రభుత్వం మామూలు సుంకాన్ని ముడినూనె మీద 44 శాతానికి, శుద్ధి చేసిన నూనె మీద 54 శాతానికి పెంచింది. 2019 జనవరి 1న ఆసియాన్ దేశాల ముడినూనెకు అది 40 అయింది. శుద్ధి చేసిన నూనెకు మాత్రం రెండు రేట్లు వచ్చాయి: మలేసియా నుంచి వస్తే 45, ఇండోనేసియా, మిగతా ఆసియాన్ దేశాల నుంచి వస్తే 50. ఏడాది తిరిగేసరికి, 2020 జనవరి 1 నాటికి అందరికీ 45 అయింది. అంటే మలేసియాకు దక్కిన అదనపు లాభం 54 నుంచి 45కి పడిన 9 పాయింట్లు కాదు, 50కీ 45కీ మధ్య ఉన్న 5 పాయింట్లు, అదీ షెడ్యూల్ ప్రకారం చూస్తే ఒక్క ఏడాదికే. ఆ 5 పాయింట్లు చాలు ఎంత గొడవ కావాలన్నా, అది ఇప్పుడు చూద్దాం.

ఇక్కడే ఇంకో చెక్ చేసుకోండి: మామూలు సుంకం ఒప్పందం రేటు కంటే కిందికి పోయిందా? 2025 మే చివర్లో ముడి పామాయిల్ మీద బేసిక్ సుంకాన్ని 10 శాతానికి తగ్గించారు. ఆసియాన్ రేటు 37.5 కాగితం మీదే మిగిలింది, దానికోసం సరుకు ఏ దేశానిదో చూపే సర్టిఫికెట్ తెచ్చుకునే దిగుమతిదారు ఉండడు. అలాంటప్పుడు షెడ్యూల్‌ని ఎంత ముందుకు జరిపినా ప్రభావం సున్నా.

ఇప్పుడు శాతాన్ని ధరగా మార్చాలి. ఓడరేవులో సరుకు విలువ 100 రూపాయలు అనుకోండి. సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి కూడా ఉంటుంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. అది కలిపితే ఇండోనేసియా పామోలిన్ 155 రూపాయలు, మలేసియాది 149.50. తేడా 5.50, అంటే 155 మీద 3.5 శాతం పైచిలుకు. సుంకం 5 పాయింట్లు తగ్గితే ధర 5 శాతం తగ్గినట్టు కాదని గుర్తుపెట్టుకోండి. జీఎస్టీని ఈ దశలో పక్కన పెట్టేయవచ్చు, వ్యాపారికి అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది.

ఆ 5.50 ఎవరి జేబులోకి వెళ్తుంది? నా దృష్టిలో మొత్తం పరిశీలనలో ఇదే గుండెకాయ లాంటి ప్రశ్న, కానీ చాలా రిపోర్టుల్లో దీనికి ఒక్క వాక్యం కూడా ఉండదు. మలేసియా అమ్మకందారుకు మన మార్కెట్‌లో పోటీ ఇండోనేసియావాడే. వాడి సరుకు 155 పడుతుంటే ఇతను 149.50కే ఇవ్వాల్సిన అవసరం లేదు, 154కి ఇచ్చినా సరుకు కదులుతుంది. పైగా వంటనూనెల మీద సుంకం ఇన్వాయిస్ ధర మీద కాకుండా, కేంద్రం పదిహేను రోజులకోసారి ప్రకటించే టారిఫ్ విలువ మీద వేస్తారు, కాబట్టి అతను ధర పెంచుకున్నా సుంకం పెరగదు. మన వినియోగదారుకు రూపాయి మిగులుతుంది, అమ్మకందారుకు నాలుగున్నర, ఖజానాకు అయిదున్నర నష్టం. ఇండోనేసియా నుంచి రావాల్సిన సరుకు మలేసియా నుంచి వచ్చింది, అంతే. కొత్తగా పెరిగిన వ్యాపారం ఎంత, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మళ్లిన వ్యాపారం ఎంత అన్నది విడదీసి చూపించని లెక్కని నేను లెక్క అనను. ఆర్థికవేత్త జేకబ్ వైనర్ 1950లోనే ఈ విభజన చేసి చూపించాడు.

దీనికి ఒక ఉచిత సాధనం ఉంది, ప్రపంచ బ్యాంకు విట్స్ వెబ్‌సైట్‌లో ఉండే స్మార్ట్ మోడల్, సుంకం మారితే దిగుమతులు ఎలా మారతాయో అది అంచనా వేస్తుంది. ఒక్క సరుకుకి, ఒక్క మార్కెట్‌కి సరిపోతుంది. కానీ దాంట్లో ముందే పెట్టి ఉన్న విలువల్ని అలాగే వదిలేయకండి. ఎగుమతిదారు ఎంత సరుకైనా అదే ధరకు ఇస్తాడని అది అనుకుంటుంది; పామాయిల్ దిగుమతుల్లో మనమే ప్రపంచంలో పెద్ద కొనుగోలుదారులం, మనం ఎక్కువ కొంటే అక్కడ ధర పెరుగుతుంది. అలాగే ఒక దేశపు సరుకు బదులు ఇంకో దేశపు సరుకు కొనడానికి మొగ్గు 1.5 అని పెట్టి ఉంటుంది (అంటే ధరల్లో 1 శాతం తేడాకు కొనుగోళ్ల నిష్పత్తి 1.5 శాతం మారుతుందని), పామోలిన్‌కి అది మరీ తక్కువ. మలేసియా పామోలిన్‌కీ ఇండోనేసియా పామోలిన్‌కీ బాణలిలో తేడా తెలియదు, రూపాయి తేడాకే కొనుగోలు అటు మారిపోతుంది. కనీసం మూడు రకాల విలువలతో నడిపి, ఫలితాన్ని ఒక్క అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని రాయండి.

తర్వాత దేశీయ పరిశ్రమ. ఇక్కడ ఒక్క సరుకు సుంకం చూస్తే సరిపోదు, ముడిసరుకుకీ తయారైన సరుకుకీ మధ్య తేడా చూడాలి, రిఫైనరీ బతికేది ఆ తేడా మీదే. లెక్క తేలిక కావడానికి రెండు నూనెల రేవు ధరా 100 అనుకుందాం (నిజంగా వేసేటప్పుడు అసలు ధరలు పెట్టండి). 2018లో ముడినూనె 148.40, పామోలిన్ 159.40, మధ్యలో 11 రూపాయలు. 2019లో ముడినూనె 144, ఇండోనేసియా పామోలిన్ 155, తేడా మళ్లీ 11. అదే మలేసియా పామోలిన్‌తో చూస్తే 5.50! ఎవరూ రిఫైనరీల సుంకం రక్షణ సగానికి తగ్గించాలని నిర్ణయం తీసుకోలేదు, అయినా అది సగమైంది. మలేసియా నుంచి శుద్ధి చేసిన నూనె పోటెత్తింది, ఇక్కడి రిఫైనరీలు వాణిజ్య మంత్రిత్వ శాఖ తలుపు తట్టాయి.

ఆయిల్ పామ్ రైతు సంగతి వేరేగా రాయాలి. అతని గెలల ధర ముడినూనె ధరకు ముడిపడి ఉంటుంది కాబట్టి అతన్ని నేరుగా తాకేది 44 నుంచి 40కి జరిగిన తగ్గింపు, అంటే సుమారు 3 శాతం. అది షెడ్యూల్ ప్రకారం వచ్చిందే, కాబట్టి దాన్ని ముందస్తు తగ్గింపు ఖాతాలో వేయకూడదు. కానీ రిఫైనరీకి మార్జిన్ తగ్గితే ముడినూనెకు అది ఇచ్చే ధర కూడా తగ్గే అవకాశం ఉంది, ఆ భాగాన్ని మాత్రం ఈ ఖాతాలోనే చూపాలి. ఇంకోటి, వేగం అనేది అందరికీ ఒకేలా బరువు కాదు. వ్యాపారి వారంలో సరుకు మారుస్తాడు, రిఫైనరీ ఒకట్రెండేళ్లలో సర్దుకోవచ్చు. ఆయిల్ పామ్ మొక్క కాపుకొచ్చేసరికే మూడు నాలుగేళ్లు, తోట పాతికేళ్లు ఉంటుంది, ధర పడిందని వచ్చే ఖరీఫ్‌లో పీకేసి ఇంకో పంట వేసే వీలు లేదు. పదేళ్లలో రావాల్సిన తగ్గింపు అయిదేళ్లలో వస్తే ఎక్కువ దెబ్బ ఇలాంటివాళ్లకే. సగటు తీస్తే ఇది కనపడదు, కాబట్టి దయచేసి వీళ్లని సగటులో కలపకండి.

అంకెలు సరిచూసుకునేటప్పుడు డిసెంబరుని జనవరితో పోల్చకండి. జనవరి 1న సుంకం తగ్గుతుందని ముందే తెలిసిన దిగుమతిదారు డిసెంబరులో సరుకు ఆపుకుంటాడు, దాంతో జనవరిలో పెరుగుదల ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. గత ఏడాది అవే నెలలతో పోల్చండి. ముడినూనె, శుద్ధి చేసిన నూనె పక్కపక్కన పెట్టి, మలేసియా, ఇండోనేసియా వాటాలు విడిగా చూడండి.

ఒప్పందంలో రక్షణ నిబంధన (దిగుమతులు పోటెత్తితే కొంతకాలం సుంకం పెంచుకునే వీలు) ఉందో లేదో కూడా చూడాలి, ఎందుకంటే ముందస్తు తగ్గింపు అనుకున్నంత కాలం నిలవకపోవచ్చు. 2019 సెప్టెంబరు 4న మన ప్రభుత్వం ఈ నిబంధన వాడి మలేసియా శుద్ధి నూనె మీద 180 రోజులకు 5 శాతం అదనపు సుంకం వేసింది, రేటు మళ్లీ 50కి వచ్చింది. 2020 జనవరి 8న శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతినే నియంత్రిత జాబితాలోకి, అంటే లైసెన్సు ఉంటేనే తెచ్చుకోగలిగే సరుకుల్లోకి మార్చారు. కాబట్టి ఈ కేసులో ముందస్తు తగ్గింపు ఒక్కదాని ప్రభావం కనిపించేది 2019 జనవరి నుంచి ఆగస్టు వరకు ఉన్న ఎనిమిది నెలల దిగుమతుల్లోనే. ఆ తర్వాతి నెలలు మీ లెక్కలో కలిపితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయలేరు.