లింకు, మూలం, సౌజన్యం: సరిహద్దు గ్రూపుల్లో సమస్యలు - పరిష్కారాలు

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒడిశా వాళ్ళూ ఉంటారు, ఆంధ్రలోని పాతపట్నం వైపు వాళ్ళూ ఉంటారు. మూలం లేని పోస్టు వస్తే అది ఏ రాష్ట్రానిదో చదివినవాళ్ళకు అంతుపట్టదు.

సమస్య: "రేపు బడులకు సెలవు" అని ఫోటో వచ్చింది. పిల్లల్ని ఇంట్లో ఉంచేశాక అది ఆంధ్రలోని శ్రీకాకుళం జిల్లా ఉత్తర్వు, ఒడిశాలోని గజపతి జిల్లాది కాదని తేలింది.

కారణం: ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పైభాగం కత్తిరించారు. కార్యాలయం పేరు, ఉత్తర్వు నంబరు, తేదీ ఆ ముక్కతోనే పోయాయి. కలెక్టర్ రెండు వైపులా ఉంటారు, అల్పపీడనం వస్తే వానా రెండు వైపులా పడుతుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నిరుటి కాగితం మళ్ళీ తిరిగినా ఇంతే.

పరిష్కారం: కాగితం మొత్తం కనిపించేలా పంపండి. అది దొరికిన ప్రభుత్వ పేజీ లింకు జోడించి, పైన ఒక వరుస రాయండి: "శ్రీకాకుళం జిల్లాకు మాత్రమే. ఫలానా తేదీ. గజపతి జిల్లాకు కాదు." ఆ వరుస రాయలేకపోతున్నారంటే ఆ కాగితం పంపే స్థితిలో మీరు లేరు, ఆపేయండి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు కనిపిస్తే, ఆ సందేశం కనీసం 5 చేతులు మారి వచ్చిందని అర్థం. పంపినాయన్ని "నిజమేనా?" అని అడిగితే లాభం లేదు, ఆయనకూ తెలియదు. "ఎక్కడ దొరికింది?" అని అడగండి. తప్పు మీదైతే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయవచ్చు. ఆ గడువు దాటితే, అదే సందేశానికి రిప్లై ఇచ్చి సవరణ రాయండి. చప్పుడు చేయకుండా తీసేస్తే, అప్పటికే ముందుకు పంపినవాళ్ళకు సంగతి తెలియదు.

సమస్య: వ్యాసం కింద "సేకరణ", బొమ్మ కింద "ఫోటో: గూగుల్" అని ఉంది. అసలు రాసినాయన వచ్చి బాధపడ్డారు.

కారణం: "సేకరణ" అంటే "ఇది నాది కాదు" అని చెప్పడమే, ఎవరిదో చెప్పడం కాదు. గూగుల్ ఫోటోలు తీయదు, వెతికి చూపిస్తుంది. భారత కాపీరైట్ చట్టం (1957) 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసిన తర్వాత కూడా రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది.

పరిష్కారం: బొమ్మను గూగుల్ లెన్స్‌లో (బొమ్మతో వెతికే సాధనం) పెట్టి, దొరికినవాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఉన్న పేజీ తెరవండి. వ్యాసమైతే మధ్యలోంచి ఏడెనిమిది మాటల వాక్యం తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. మొదటి వాక్యం వద్దు, దాన్నే అందరూ మార్చేస్తారు. వికీమీడియా కామన్స్ (షరతులతో అందరూ వాడుకోగల బొమ్మల సైటు) బొమ్మకు నాలుగు సంగతులు రాయాలి: బొమ్మ పేరు, తీసినవారి పేరు, పేజీ లింకు, లైసెన్సు. రంగులు మార్చినా, కత్తిరించినా ఆ మాటా చెప్పాలి. మామూలు ఫోటోగా పంపితే కెమెరా సమాచారాన్ని వాట్సాప్ తీసేస్తుంది. అది నిలవాలంటే డాక్యుమెంటుగా పంపండి.

ఇక్కడ తరచూ జరిగే అన్యాయం ఇంకొకటి ఉంది. రాయగడ, గజపతి జిల్లాల సవర ఆదివాసీల గోడబొమ్మలు, అంటే ఇడితల్, "వార్లీ ఆర్ట్" పేరుతో తిరుగుతున్నాయి. వార్లీలు మహారాష్ట్ర వైపువాళ్ళు. సవర బొమ్మలో ముందు చుట్టూ అంచు గీసి లోపలికి వస్తారు, మనుషుల ఒళ్ళు వార్లీ బొమ్మల్లో లాగా రెండు ముక్కోణాలుగా విడివిడిగా తెలియదు. "ఆదివాసీ చిత్రం" అని వదిలేయకండి. సవర అని రాయండి, గీసినవారి అనుమతి ఉంటే పేరూ ఊరూ రాయండి.

సమస్య: ఒడియా వార్త తెలుగులో వచ్చింది, లింకు నొక్కితే పేజీ సగమే తెరుచుకుంది.

కారణం: పంపింది అసలు లింకు కాదు, యంత్రానువాదపు లింకు. చిరునామాలో చుక్కలు ఉండాల్సిన చోట అడ్డగీతలు, చివర "ట్రాన్స్‌లేట్ డాట్ గూగ్" కనిపిస్తే అదే.

పరిష్కారం: అసలు ఒడియా పేజీ లింకే ఇవ్వండి. కింద "తెలుగు: ఫలానావారు" అనో "తెలుగు: యంత్రానువాదం" అనో రాయండి. మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ వైపు మరాఠీ వార్తలకూ ఇదే పద్ధతి.

సమస్య: తెలుగు పేజీ లింకు బారెడు పొడవైంది, మధ్యలో తెగింది.

కారణం: లింకులో ఒక్కో తెలుగు సంకేతం (అక్షరమైనా, గుణింతపు గుర్తయినా) "%ఇ0%బి0" తరహాలో మొదలయ్యే 9 గుర్తులుగా మారుతుంది. "రాయగడ" అన్న పేరొక్కటే 45 గుర్తులవుతుంది. చివర పెట్టిన చుక్కో బ్రాకెట్టో కూడా ఒక్కోసారి లింకుకు అంటుకుంటుంది.

పరిష్కారం: లింకును విడి వరుసలో పెట్టండి, తర్వాత చుక్క పెట్టకండి. ప్రశ్నార్థకం తర్వాత వచ్చే "యూటీఎం", "ఎఫ్‌బీసీఎల్‌ఐడీ" తోకలు మీరు ఎక్కడినుంచి వచ్చారో కనిపెట్టడానికే, తీసేయండి. యూట్యూబ్‌లో "ఎస్ఐ=" కూడా తీసేయవచ్చు. "వీ=" మాత్రం ముట్టుకోకండి, వీడియో గుర్తింపు అదే. "టీ=754" అంటే 754వ సెకను, అంటే 12 నిమిషాల 34 సెకన్ల దగ్గర మొదలవుతుంది. గంట ప్రసంగం పంపేటప్పుడు ఇది పెట్టడం మర్యాద.

గూగుల్ డ్రైవ్ లింకు అనుమతి అడుగుతోందంటే షేర్‌లో "ఎనీవన్ విత్ ది లింక్" ఎంచి, వ్యూయర్‌గా (చూడటానికి మాత్రమే) ఉంచండి. ఎడిటర్ ఇవ్వకండి.

సమస్య: పోయిన నెల ఇచ్చిన నోటీసు లింకు ఇప్పుడు పనిచేయడం లేదు.

వెబ్‌సైటు మార్చినప్పుడో, గడువు ముగిసినప్పుడో పేజీలు తీసేస్తారు. ముఖ్యమైనదాన్ని పంచే రోజే, వెబ్ పేజీల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్‌ సైటులో "సేవ్ పేజ్ నౌ" గడిలో వేసి, రెండు లింకులూ ఇవ్వండి, అసలుది ముందు. భద్రపరిచిన లింకులోని 14 అంకెలు తేదీ, సమయం. ఆ సమయం గ్రీన్‌విచ్‌ది, మన గడియారానికి 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి.