సంక్రాంతికి స్పోర్ట్స్ కారులో కోనసీమ వస్తున్నారా? ఆ పాడిల్స్‌తో జాగ్రత్త

పండక్కి హైదరాబాదు, బెంగళూరు నుంచి దిగే అల్లుళ్ల కార్లు ఏడాదికేడాది నేలకి దగ్గరైపోతున్నాయి. స్టీరింగ్ వెనక రెండు రెక్కలుంటాయి చూడండి, అవే పాడిల్ షిఫ్టర్లు. ఎడమది లాగితే గేరు తగ్గుతుంది, కుడిది లాగితే పెరుగుతుంది. 1989లో ఫెరారీ వాళ్లు ఫార్ములా వన్ పందెం కారుకి పెట్టిన ఏర్పాటు ఇది. తణుకు, సిద్ధాంతం దాటేదాకా హైవే మీద సరదా పడండి. రావులపాలెంలో కోనసీమలోకి తిరిగాక మాత్రం కాస్త ఆగాలి.

మాది చదును నేల, ఘాట్ రోడ్లు లేవు. పాడిల్‌తో నిజంగా పనిపడేది రెండుచోట్లే. ఒకటి, లారీని దాటే ముందు ఓ గేరు తగ్గించి సిద్ధంగా ఉండటం. రెండోది, ఊరు రాకముందే వేగం దించుకోవడం. ఆ రెండూ రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే చెయ్యాలి. ఎందుకంటారా?

నిరుడు మా బావగారి కారు నేను నడిపాను. కాలవ వంతెన దిగి గట్టు మీదకి తిప్పుతూ, మూడులోంచి రెండులోకి దించుదామని ఎడమచేతికి తగిలిన పాడిల్ లాగాను. ఆ కారులో పాడిల్స్ స్టీరింగ్‌తోపాటే తిరుగుతాయి. చక్రం సగానికి పైగా తిరిగి ఉంది కాబట్టి నా చేతికి దొరికింది కుడి పాడిల్! గేరు తగ్గాల్సింది పోయి నాలుగులో పడింది, కారు పట్టు వదిలేసినట్టు సాగింది. బావగారు మాట్లాడలేదు, పైన పిడి పట్టుకున్నారు. బ్రేకు తొక్కాను కనక సరిపోయింది, లేకపోతే గుర్రపుడెక్కలో తేలేవాళ్లం. కొన్ని కార్లలో పాడిల్స్ తిరగవు, కదలకుండా ఉంటాయి. మీది ఏ రకమో ఇంటి దగ్గరే చూసుకోండి.

పాడిల్ బ్రేకుకి బదులు కాదు. అది లాగి వేగం తగ్గిస్తే వెనక ఎర్రలైటు వెలగదు. మీ వెనక ముగ్గురెక్కిన మోటార్ సైకిల్ ఉంటుంది, వాడికి తెలిసేదెలా? బ్రేకు మీద కాలు కాస్త ఆనించండి, లైటు వెలుగుతుంది.

జనవరి అంటే ఇక్కడ దాళ్వా నాట్ల కాలం కూడా. దమ్ము చేసొచ్చిన ట్రాక్టర్లు తారు మీద బురద వదులుతాయి. 216 హైవే మీద చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. అలాంటిచోట రెండు మూడు గేర్లు ఒక్కసారి దించకండి. చాలా స్పోర్ట్స్ కార్లని తోసేది వెనక చక్రాలే. ఇంజన్ వాటిని ఉన్నట్టుండి బిగబడితే వెనకభాగం పక్కకి జారుతుంది. పొద్దున్నే మంచులో అయితే పాడిల్స్ జోలికే పోకండి, గేర్లు కారే మార్చుకునే 'డి' (డ్రైవ్)లో పెట్టి నెమ్మదిగా రండి.

కోడిపందేల బరి దగ్గర ట్రాఫిక్‌లోనూ అంతే. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే పెట్టె ఉన్న కారు అంగుళం అంగుళం జరిపితే క్లచ్ వేడెక్కుతుంది. ముందు కాస్త జాగా ఏర్పడనిచ్చి ఒకేసారి కదలండి. వంతెన ఎక్కుడు మీద ఆగితే ఎక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, బ్రేకుతో నిలపండి. గేర్లన్నీ పాడిల్స్‌తో మనమే మార్చుకునే పూర్తి మాన్యువల్ పద్ధతిలో పెడితే కొన్ని కార్లు గేరు వాటంతటవి మార్చవు, ఇంజన్ మోత మోగిపోతున్నా సరే. ఆ మోత విని ఊరంతా అరుగుల మీదకి వస్తుంది, అది వేరే సంగతి.

ఇంకొకటి, కొన్ని కార్లలో రెండు పాడిల్స్ కలిపి లాగితే న్యూట్రల్‌లో పడుతుంది. ఇంటి ముందు కారు ఆపగానే పిల్లలు మూగి ముందు పట్టుకునేది ఆ రెక్కల్నే. ఇంజన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, తాళం జేబులో వేసుకున్నాకే పలకరింపులు మొదలుపెట్టండి.