ఉసురులోహం ఆటలో అదుపు తప్పితే: లక్షణం, కారణం, సవరణ

మోసేవాడి ప్రాణాన్ని పీల్చే లోహాన్ని ఆటలోకి తేవాలని చాలామంది గేమ్ మాస్టర్లకు (ఆటను నడిపించేవాళ్లకు) సరదా. రెండు మూడు సెషన్లయ్యేసరికి అది ఉత్త అలంకారంగా మిగులుతుంది, లేదా పార్టీ (ఆటగాళ్ల పాత్రల బృందం) మొత్తాన్నీ మింగేస్తుంది. కింది లెక్కలు పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్, 2014 నియమాలకు సరిపడేవి. ఉసురులోహం అన్న పేరు, దాని మోతాదులు మాత్రం సొంతంగా కట్టుకున్నవి.

లక్షణం: లోహమంటే ఎవరికీ భయం లేదు. హీలింగ్ పోషన్ తాగేసి ముందుకు సాగిపోతున్నారు.

కారణం: పాత్రకు అప్పటికి ఉన్న హిట్ పాయింట్లలోంచి (ప్రాణశక్తి లెక్కలోంచి) మీరు కోస్తున్నారు. అవి పోషన్‌తో తిరిగొస్తాయి, రాత్రి నిద్రతో పూర్తిగా నిండుతాయి.

సవరణ: గరిష్ఠ హిట్ పాయింట్లనే తగ్గించండి. వైట్ అనే శవజీవి లైఫ్ డ్రెయిన్ చేసేది ఇదే: డీసీ 13 కాన్‌స్టిట్యూషన్ సేవ్ (20 ముఖాల పాచికకు ఒంటి దారుఢ్యపు బోనస్ కలిపి 13 తెచ్చుకోవడం) తప్పితే, తగిలిన దెబ్బ ఎంతో గరిష్ఠం అంత తగ్గుతుంది. అది సున్నాకు చేరితే చావే. అయితే వైట్ పీల్చింది రాత్రి నిద్రలాంటి ఒక్క లాంగ్ రెస్ట్‌తో తిరిగొస్తుంది. లోహానికి అది పనికిరాదు. అట్యూన్‌మెంట్ (వస్తువుతో పాత్ర కట్టుకున్న మాయా బంధం) ఉన్నంతకాలం పోయింది పోయినట్టే ఉండాలి. బంధం తెగాక ఒక్కో లాంగ్ రెస్ట్‌కు ఒక పాచిక చొప్పున తిరిగి రానివ్వండి.

లక్షణం: చిన్న లెవెల్ పాత్ర రెండు రోజుల్లో చచ్చిపోయింది.

కారణం దాదాపు ఎప్పుడూ మోతాదే. గంటకోసారి సేవ్ అడిగితే ఎవరూ బతకరు. కాన్‌స్టిట్యూషన్ +1 ఉన్న మొదటి లెవెల్ విజర్డ్‌కు ఉండేవే 7 పాయింట్లు.

సవరణ: రోజుకు ఒక్కసారి, తెల్లవారగానే. 4వ లెవెల్ దాకా 1డీ4 (నాలుగు ముఖాల పాచిక ఒకటి), 5 నుంచి 1డీ6, 11 దాటాక 2డీ6. అదే విజర్డ్ 5వ లెవెల్‌కు సగటున 27 పాయింట్లతో ఉంటాడు. డీసీ 13 సేవ్ అతను తప్పే అవకాశం 55 శాతం, అంటే రోజుకు సుమారు 1.9 నష్టం. రెండు వారాలు మోయగలడు. కాన్‌స్టిట్యూషన్ +2 ఉన్న ఫైటర్‌కు 44 పాయింట్లు, సేవ్‌కు +5. తప్పే అవకాశం 35 శాతమే కాబట్టి నెల పైనే లాగుతాడు. ఈ తేడాను సరిచేయకండి. ఈ లోహపు కత్తి ఎవరు మోయాలన్న వాదన పార్టీలో పుట్టేది దీనివల్లే, లోహానికి అసలు రుచి అదే.

హెచ్చరిక లేకుండా మాత్రం చంపకండి. పావు వంతు పోతే గోళ్లు బూడిదరంగు, సగం పోతే తిండికి తుప్పు రుచి, ముప్పావు పోతే నీడ పలచబడటం. మిగిలిన గరిష్ఠం ఎంతో ఆటగాడికి ప్రతి ఉదయం పైకే చెప్పండి.

లక్షణం: క్లెరిక్ (మంత్రాలతో నయం చేసే పూజారి పాత్ర) ఒక్క మంత్రంతో అంతా కడిగేస్తున్నాడు.

కారణం: ఏ మంత్రం దేనికో టేబుల్ దగ్గర చూసుకోలేదు. లెసర్ రెస్టొరేషన్ గరిష్ఠం జోలికి వెళ్లదు. రిమూవ్ కర్స్, లోహాన్ని శాపగ్రస్త వస్తువుగా పెట్టుంటే, అట్యూన్‌మెంట్‌ను తెంచుతుంది. పోయిన పాయింట్లను తేదు. గ్రేటర్ రెస్టొరేషన్ తెస్తుంది, కానీ అది ఐదో లెవెల్ మంత్రం. క్లెరిక్‌కు 9వ లెవెల్‌లో గానీ దొరకదు, వేసిన ప్రతిసారీ 100 బంగారు నాణేల వజ్రపు పొడి ఖర్చవుతుంది. ఎయిడ్ మంత్రం 8 గంటలపాటు గరిష్ఠాన్ని 5 పెంచుతుంది. దాన్ని అడ్డుకోవద్దు, స్లాట్ (మంత్రం వేసే అవకాశం) ఖర్చు పెట్టి కొనుక్కున్న ఊపిరి అది.

లక్షణం: సీసపు పెట్టెలో దాచి, పోరాటానికి మాత్రమే బయటికి తీస్తున్నారు.

కారణం: పల్చని సీసపు రేకు మాయను పసిగట్టే మంత్రమైన డిటెక్ట్ మ్యాజిక్‌ను ఆపుతుంది కదా, పీల్చడాన్నీ ఆపుతుందని మీరే ఒప్పేసుకున్నారు.

సవరణ: పెట్టె అట్యూన్ కాని కూలివాణ్ణి కాపాడాలి, యజమానిని కాదు. అతని ఉసురు బంధం గుండా పోతూనే ఉంటుంది. తెంచుకోవాలంటే మామూలు నియమమే: వస్తువు 100 అడుగుల అవతల 24 గంటలు ఉండాలి, లేదా చిన్న విశ్రాంతి ఒకటి వెచ్చించి తనంతట వదులుకోవాలి.

మాయా చెయ్యిని పుట్టించే మంత్రం మేజ్ హ్యాండ్‌తో మోయిస్తే? 10 పౌండ్ల లోపైతే మోయనివ్వండి. ఆ చెయ్యి దాడి చేయలేదు, కత్తి తిప్పాల్సింది చివరికి మనిషే.