రిఫ్రెష్ నొక్కకుండానే కొత్త ఆర్డర్ స్క్రీన్ మీదకి రావాలంటే

హోటల్ వంటింట్లో ఆర్డర్లు చూపించే స్క్రీన్ ఉందనుకోండి. రెండు సెకన్లకోసారి డేటాబేస్‌ని అడుగుతూ ఉండే కోడ్ ఒకటి రెండు స్క్రీన్లకైతే చక్కగా సరిపోతుంది, మార్చకండి. బ్రాంచీలు పెరిగి స్క్రీన్లు వందల్లోకి వెళ్తేనే ఇబ్బంది. అప్పుడు కూడా కబుర్లు చేరవేసే వేరే క్యూ సాఫ్ట్‌వేర్ కోసం వెతికే ముందు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనే ఉన్న లిజన్ (కబురు కోసం వినడం), నోటిఫై (కబురు పంపడం) అనే కమాండ్లు వాడి చూడండి.

ఆర్డర్ల టేబుల్‌కి ట్రిగ్గర్ (టేబుల్ మారినప్పుడల్లా తనంతట తనే నడిచే కోడ్) పెట్టి, ఆర్డర్ చేరినా మారినా నోటిఫై వెళ్లేలా చేయండి. అందులో ఆర్డర్ మొత్తం కుక్కకండి, ఐడీ ఒక్కటి చాలు. ఎందుకంటే పేలోడ్, అంటే కబురులో పంపే డేటా, 8000 బైట్ల లోపే ఉండాలి, అది దాటితే ఎర్రర్ వచ్చి ఇన్‌సర్ట్ కూడా ఆగిపోతుంది, అంటే కస్టమర్ పెట్టిన ఆర్డరే పోతుంది! ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాకే (మార్పు ఖాయమయ్యాకే) కబురు బయటికి వెళ్తుంది కాబట్టి రోల్‌బ్యాక్ అయిన (రద్దయిన) ఆర్డర్ వంటింటికి చేరదు.

సర్వర్‌లో లిజన్ కోసం ఒకే కనెక్షన్ విడిగా తెరిచి ఉంచండి, బ్రౌజర్‌కొకటి వద్దు. మధ్యలో డేటాబేస్ కనెక్షన్లను పంచే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే లిజన్ పనిచేయదు, ఈ ఒక్క కనెక్షన్‌ని నేరుగా డేటాబేస్‌కి కలపండి.

అక్కడి నుంచి బ్రౌజర్‌కి వెబ్‌సాకెట్ (రెండువైపులా కబుర్లు వెళ్లే కనెక్షన్) అక్కర్లేదు. కబురు ఒకవైపే వెళ్తుంది కదా, సర్వర్ నుంచి బ్రౌజర్‌కి మాత్రమే పంపే సర్వర్ సెంట్ ఈవెంట్స్ చాలు, తెగితే బ్రౌజర్‌లోని ఈవెంట్‌సోర్స్ తనే మళ్లీ కలుపుకుంటుంది. మీ సర్వర్‌కి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ సర్వర్ ఉంటే దాని ప్రాక్సీ బఫరింగ్ (కబుర్లను పోగేసి పంపడం) ఆపేయండి. మామూలు సెట్టింగ్‌లో 60 సెకన్లు ఏమీ రాకపోతే అది కనెక్షన్ తెంచేస్తుంది కాబట్టి 20 సెకన్లకోసారి ఒక కామెంట్ లైన్ పంపుతూ ఉండండి.

ఇక అసలు టెన్షన్ ఇక్కడ: కనెక్షన్ తెగి ఉన్నప్పుడు వెళ్లిన నోటిఫై మళ్లీ రాదు, పోస్ట్‌గ్రెస్ దాన్ని మన కోసం దాచిపెట్టదు. అందుకే కలిసిన ప్రతిసారీ పెండింగ్ ఆర్డర్లన్నీ టేబుల్ నుంచి మళ్లీ చదవాలి, అదీ ముందు లిజన్ చేసి, ఆ తర్వాతే చదవాలి. తిప్పి చేస్తే ఆ రెంటి మధ్య సందులో వచ్చిన ఆర్డర్ ఎవరికీ కనబడదు. చివరగా చూసిన ఐడీ కంటే పెద్దవి మాత్రమే తెస్తే చాలదా అంటే, చాలదు. ఐడీ 41 తీసుకున్న ట్రాన్సాక్షన్ 42 తర్వాత కమిట్ కావచ్చు, అప్పుడు 41 జారిపోతుంది. పెండింగ్‌లో ఉండేవి పదులే కదా, మొత్తం చదివేయండి.

పని అయ్యాక లిజన్ కనెక్షన్‌ని కావాలనే చంపి, అది మళ్లీ కలిసేలోపు రెండు ఆర్డర్లు పెట్టి చూడండి. సర్వర్ కలవగానే తెరిచి ఉన్న స్క్రీన్లన్నింటికీ "మళ్లీ చదవండి" అని ఒక ఈవెంట్ వెళ్లి, ఆ రెండూ కనబడితేనే దీన్ని వంటింట్లో పెట్టండి.