డ్రిప్‌లో యూరియా ఎలా వదలాలి
యూరియాలో 46 శాతం నత్రజని, పైగా నీళ్లలో ఇట్టే కరుగుద్ది కాబట్టి డ్రిప్‌కి బాగా సెట్ అవుద్ది. బకెట్లో కలిపేటప్పుడు నీళ్లు చల్లబడి కరగడం కాస్త స్లో అవుద్ది, కంగారు పడకుండా కలిపి, గుడ్డలో వడకట్టి అప్పుడు వెంచురీకి (యూరియా నీళ్లని డ్రిప్ పైపులోకి లాగే పరికరం) పెట్టండి. ముందు ఉత్త నీళ్లు వదిలి చివరి డ్రిప్పర్ దాకా ప్రెషర్ సమంగా వచ్చాకే మందు మొదలెట్టాలి, లేకపోతే కొన్ని మొక్కలకి ఎక్కువ, కొన్నిటికి తక్కువ పడుద్ది. అయ్యాక మళ్లీ ఉత్త నీళ్లు, అదీ పైపులు కడిగేంత వరకే. అసలు చాలామంది ఇక్కడే చెడగొడతారు, గంటలు గంటలు వదిలేస్తే నత్రజని వేర్ల కిందకి జారిపోద్ది, నీళ్లూ దండగ మందూ దండగ. మొత్తం ఒకేసారి కుమ్మరించకుండా పంట దశని బట్టి కొంచెం కొంచెం ఇవ్వండి. బోరుకి నాన్ రిటర్న్ వాల్వ్ ఉందో లేదో చూసుకోండి, మందునీళ్లు వెనక్కి పోకుండా.